పీపా ఎరగని చుక్క

మెక్సికోలో దాన్ని తెల్ల టెకీలా అంటారు, అద్దాల బీరువాలో నిలబెడతారు. గొల్లపల్లిలో దాన్ని ఇప్పసారా అంటారు, గంప కింద బోర్లిస్తారు. రెండూ చెక్క పీపా మొహం చూడనివే. రెండింటినీ పక్కపక్కన పెట్టి రుచి చూస్తే తెలిసిన సంగతులివి.

అడ్డాకు దొప్పకు అడుగుండదు. గాజుగ్లాసులాగా బల్ల మీద పెట్టి కబుర్లలో పడిపోవడం కుదరదు. చేత్తో పట్టుకునే ఉండాలి, లేకపోతే తాగేసి పారెయ్యాలి. పుల్లకుట్టు సరిగా పడకపోతే చుక్కలు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారతాయి. గొల్లపల్లిలో నాకు మొదటిసారి ఇప్పసారా పోసినప్పుడు సగం చొక్కా చేతికే పట్టింది. ఆ వాసన రెండు ఉతుకుల దాకా పోలేదు.

నోటి దాకా తీసుకెళ్ళేలోపు, సారా కాచి పోసిన అవ్వ ఆపింది. "ముందు వాళ్ళకు పొయ్యి బాబూ" అంది. వాళ్ళెవరని అడగలేదు. వేలు ముంచి మూడు చుక్కలు నేల మీద విదిలించాను, మేడారంలో అమ్మలకు సాక పోసినట్టు. ఆ తడి మట్టిలోకి ఇంకిపోయేదాకా ఆమె నా మీంచి కళ్ళు తిప్పలేదు.

గొల్లపల్లి ఛత్తీస్‌గఢ్‌లో, సుక్మా జిల్లా కోంటా బ్లాకులో ఉంది. 2012లో సుక్మా విడి జిల్లా అయ్యింది. అంతకుముందు దంతెవాడ, ఇంకా ముందు పాత పెద్ద బస్తర్. పటం ప్రకారం హిందీ రాష్ట్రం. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా మరాయిగూడెం దాటి లోపలికి వెళ్తుంటే మాత్రం రాష్ట్రం మారిన సంగతి బోర్డులు చెప్పాలే గానీ మనుషులు చెప్పరు. ఇక్కడి దోర్లాలు ఇంట్లో మాట్లాడేది కోయభాషకు దగ్గరి దోర్లీ. సంతలో బేరమాడేది తెలుగు. దేవనాగరి బోర్డు కింద నిలబడి ఉప్పు ధర తెలుగులోనే తెగుతుంది.

నేను అక్కడికి వెళ్ళడానికి కారణం ఒక సీసా. అంతకు కొన్నాళ్ళ ముందు గోవా నుంచి మిత్రుడొకడు తెచ్చాడు. లోపల ఉన్నది చూడ్డానికి బావినీళ్ళలా ఉంది. కిత్తనారతో కాచిన సారా. అట్ట మీద చదివితే కాచింది చిత్తూరు జిల్లాలో!

కంచె మొక్క కడుపులో

రాయలసీమ వాళ్ళకు కిత్తనార గురించి చెప్పక్కర్లేదు. చేను గట్టు మీద కంచె అదే, పశువుకు పగ్గం పేనిన నార అదే, చిన్నప్పుడు దూకబోయి తొడ గీరుకున్న ముల్లూ అదే. ఆ మొక్క పుట్టిల్లు మెక్సికో అని, దాని దాయాదుల్లో ఒకదాని నుంచే టెకీలా తీస్తారని మన రైతుకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు. సాఫ్ట్‌వేర్‌లోనూ సినిమాల్లోనూ పనిచేసి అమెరికా నుంచి తిరిగొచ్చిన డెస్మండ్ నజరెత్ అనే ఆయనకు మాత్రం తట్టింది. దక్కన్ పీఠభూమి మీద తనంతట తాను పెరిగే కిత్తనారను సేకరించి, చిత్తూరు జిల్లాలో చిన్న కర్మాగారం పెట్టి, 2011లో 'డెస్మండ్‌జీ' పేరుతో గోవాలో అమ్మకానికి దించాడు. మన గట్టు మీది మొక్క మన జిల్లాలోనే సారా అయ్యి గోవాలో గ్లాసుకెక్కింది. ఆంధ్రలో కాచింది మొదట ఆంధ్రలో దొరకలేదన్నది మన ఆబ్కారీ మహిమ. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆయన దానికి టెకీలా అని పేరు పెట్టలేదు, పెట్టకూడదు. 1974లో మెక్సికో ప్రభుత్వం ఆ పేరుకు హద్దులు గీసింది. హలిస్కో రాష్ట్రం మొత్తం, మరో నాలుగు రాష్ట్రాల్లో కొన్ని మండలాలు, అక్కడ పండిన నీలి కిత్తనార మాత్రమే టెకీలా. అందులోనూ చక్కెరలో కనీసం 51 శాతం ఆ మొక్కదే కావాలి. మంచివి నూటికి నూరు పాళ్ళూ దానితోనే చేస్తారు. పీపాలో పెట్టకుండా, లేదా రెండు నెలలు మించకుండా ఉంచి సీసాకెత్తితే అది 'బ్లాంకో', అంటే తెల్లది. హలిస్కోలోని ఆ నీలి చేలను, పాత కర్మాగారాలను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సారా కాచే పల్లెలకు తాజ్‌మహల్ పక్కన చోటు! చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. గొల్లపల్లి నుంచి తిరిగొచ్చాక రాలేదు.

తెల్లసారాకు వయసుండదని అందరూ అనేమాట. నిజానికి వయసంతా ముందే అయిపోతుంది. నీలి కిత్తనార ఆరేడేళ్ళు భూమిలో నిలబడి చక్కెర కూడబెడుతుంది. జన్మలో ఒక్కసారి పూస్తుంది, పూశాక చచ్చిపోతుంది. పూలకాడ లేచిందంటే కూడబెట్టిన తీపంతా దానికే పోతుంది. అందుకని కాడ తల ఎత్తగానే నరికేస్తారు. ఆ పని తెలిసినవాణ్ణి హిమడోర్ అంటారు. పొడుగు కర్రకు గుండ్రటి కత్తి బిగించుకుని మట్టలన్నీ చెక్కేస్తే లోపల అనాసపండు ఆకారంలో బోదె మిగులుతుంది, ఒక్కోటి 30 కిలోలు దాటి తూగుతుంది. పచ్చిదాన్ని కొరికితే తీపి ఉండదు. చక్కెర పెద్దపెద్ద గొలుసులుగా ముడిపడి ఉంటుంది, పులియదు. పొయ్యిల్లో గంటల తరబడి, పాత పద్ధతిలో రోజుల తరబడి ఉడికిస్తే ఆ ముళ్ళు విడిపోయి తీపి బయటికొస్తుంది. దాన్ని నలగ్గొట్టి, రసం తీసి, పులియబెట్టి, రెండుసార్లు కాస్తారు.

చిత్తూరు సీసా నాకు చెప్పినది ఈ కథే. ముక్కుకు మొదట తగిలింది నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప. తర్వాత గానుగ దగ్గరి చెరకు పిప్పి. నాలుక మీద మిరియపు ఘాటు, అది దిగాక పచ్చిగడ్డి. కాలేజీ రోజుల్లో ఉప్పు నాకి, ఒక్క గుక్కలో మింగి, నిమ్మచెక్క కొరికిన మనిషిని నేను. ఆ ఉప్పూ ఆ నిమ్మకాయా చవక సరుకు రుచి నాలుకకు తెలియకుండా వేసే అడ్డుతెరలని నలభై దాటాక తెలిసింది. మసాలా దట్టించిన కూరలో పుచ్చువంకాయ ఇట్టే కలిసిపోతుంది, ఉప్పుకారం చల్లిన వేపుడులో దొరికిపోతుంది. ఓక్ పీపాలో పడుకున్న సారాకు రంగు, ఘుమఘుమ, సగం రుచి ఆ చెక్క ఇస్తుంది. పీపా చూడని దానికి ఆ ఆసరా లేదు. మొక్క ఎలాంటిదో, నీళ్ళెలాంటివో, మంట ఎగదోసినవాళ్ళకు ఓపికెంతో, అన్నీ బయటపడిపోతాయి.

అలాంటిది మన దగ్గరా ఒకటుంది కదా, దాన్ని ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా వాసన చూశామా అన్న ప్రశ్నే నన్ను మరాయిగూడెం దారి పట్టించింది.

రాలిన తీపి

ఇప్ప ఫాల్గుణం చివర్లో మొదలుపెట్టి చైత్రం దాటేదాకా పూస్తుంది. ఆకులన్నీ రాల్చేసి, కొమ్మల చివర గుత్తులు వేలాడదీసి, తెల్లవారుజామున ఒక్కొక్కటే వదులుతుంది. పువ్వంటే రేకులు విచ్చుకున్న పువ్వు కాదు. పాలమీగడ రంగులో, గోళీకాయంత, కండపట్టిన బుడిపె. నొక్కితే వేళ్ళు జిగురవుతాయి. వాసన ఏమిటని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. మురగ్గాచిన నెయ్యి, నానిన ఎండుద్రాక్ష, వాటి వెనకాల ఎక్కడో ఎలుకబోను. నచ్చనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. నచ్చినవాళ్ళకు ఎండాకాలం ఆ వాసనతోనే మొదలవుతుంది.

చీకటి ఉండగానే ఆడవాళ్ళు, పిల్లలు గంపలతో చెట్ల కిందికి చేరతారు. పొద్దెక్కితే పశువులు తినేస్తాయి. మరీ ముందు వెళ్తే ఎలుగుబంటి ఎదురవుతుంది, దానికీ ఇప్పపువ్వంటే ప్రాణం. బస్తర్‌లో ఈ కాలంలో ఎలుగు గాయపరిచిందన్న వార్త ఏటా ఉండేదే. పువ్వు కనబడటానికి కింద రాలిన ఆకులు ముందే ఊడ్చి తగలబెడతారు. అటవీ శాఖకు ఆ నిప్పంటే కోపం. ఈమధ్య చెట్టుకింద ఆకుపచ్చ వలలు కట్టించి, నేల తాకని పువ్వును తినుబండారాల కోసం విడిగా కొంటున్నారు. కోర్బా జిల్లా నుంచి ఎండబెట్టిన పువ్వు 2021లో ఓడ ఎక్కి ఫ్రాన్స్ వెళ్ళింది.

అడవిలో చెట్టే కదా, ఎవరిదైనా ఏరుకోవచ్చనుకుంటే పొరపాటు. పట్టా కాగితం లేకపోయినా ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరంతటికీ తెలుసు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకులకు పంపకమవుతుంది. పొరుగు చెట్టు కింద ఒక్క పువ్వు ముట్టరు. ఇప్పను నాటేవాళ్ళు తక్కువ. నాటితే పూత చూడ్డానికి పదేళ్ళ పైమాటే. 2005 తర్వాత సల్వాజుడుం హింస నడిచిన రోజుల్లో కోంటా వైపు నుంచి వేల మంది గోదావరి అడవుల్లోకి తరలిపోయారు. ఖమ్మం వైపు వాళ్ళను గుత్తికోయలన్నారు. ఇళ్ళు, ధాన్యం, కోళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు తిరిగొచ్చాక మొదట లెక్క చూసుకున్నది చెట్లనేనని అవ్వ అంది. "చెట్టుంటే ఇల్లు మళ్ళీ ఏస్తాం" అని చెప్పి ఆ సంగతి అక్కడితో వదిలేసింది. నేనూ తవ్వలేదు.

మూడు నాలుగు ఎండలు తగిలితే మీగడరంగు పువ్వు ఎర్రబారి, ముడుచుకుని, కిస్‌మిస్‌లా అవుతుంది. బరువులో నాలుగోవంతుకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది, అందులో సగానికి పైగా చక్కెరే. గొలుసులు లేవు, ముళ్ళు లేవు, ఉడికించే పని లేదు. నీళ్ళు పోస్తే చాలు, పులుస్తుంది. ఇక్కడే నాకు రెండు మొక్కల తేడా తెలిసొచ్చింది. అక్కడ పువ్వు రానిస్తే సారా లేదు, మొక్కను నరికితేనే ఉంది. ఇక్కడ సారా అంటేనే పువ్వు, అదీ చెట్టు తనంతట తాను వదిలేసింది. చెట్టు అక్కడే ఉంటుంది, వచ్చే ఫాల్గుణానికి మళ్ళీ ఇస్తుంది.

ఇంతా చేసి ఈ పువ్వు సారాకే అనుకోకూడదు. నువ్వులతో దంచి ముద్దలు చేస్తారు, వేయించి పిల్లల జేబుల్లో పోస్తారు, వానాకాలం బియ్యం అయిపోయిన ఇళ్ళలో ఉడకబెట్టి అంబలిలో కలుపుతారు. గింజల నుంచి నూనె. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తోంది, రక్తహీనతకు మంచిదని ఆశ్రమ పాఠశాలల పిల్లలకు పెడుతున్నారు. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎండుపువ్వు మద్దతు ధర కిలోకు 30 రూపాయలు చేసింది. పువ్వు చేతికి రావడానికి ముందు ఒక పండుగ చేస్తారు. కోయలు ఇప్పను ఇరుపు అంటారు, పండుగను పండుం అంటారు. ఆ మొక్కు తీరకుండా కొత్తపువ్వు నోట్లో పెట్టరు. సంతలో దొరికే జీలుగు కల్లు, తాటికల్లు వేరే కథ, అవి గీసినపూటే తాగేవి. నిలవ ఉండేది, చుట్టానికి దాచిపెట్టేది, చావుకూ పెళ్ళికీ తప్పనిసరిగా కావాల్సింది ఇప్పసారా ఒక్కటే.

గోడ మీద బొగ్గు గీతలు

అవ్వ బట్టీ ఇంటి వెనక, కూరపాదు పక్కన. ఊట అప్పటికే ఐదు రోజులది. మూత తీసి చూపించకుండా, కుండకు చెవి ఆనించి వినమంది. విన్నాను. దూరంగా వాన పడుతున్నట్టు సన్నటి చిటపట. "రేపటికి నోరు మూస్తది" అంది. పులుపు తేలి, నురగ అణిగి, చప్పుడు ఆగితే కాచాలి. ఒక పూట ముందు కాస్తే పువ్వు వృథా, ఒక పూట ఆలస్యమైతే పుల్లటి వాసన వస్తుంది. థర్మామీటరు, హైడ్రోమీటరు ఏమీ లేవు. చెవి ఉంది.

మర్నాడు పొద్దున్నే పొయ్యి వెలిగించింది. అడుగున మసిబారిన పెద్ద కుండ, అందులో ఊట. దాని మీద అడుగుకు చిల్లులు పెట్టిన కుండ. ఆ చిల్లుల కుండ లోపల మధ్యలో చిన్న ముంత. పైన మూతలా కూర్చోబెట్టిన సత్తు గిన్నె, నిండా చన్నీళ్ళు. కుండల మధ్య సందులన్నిటికీ తడిగుడ్డ చుట్టి బంకమట్టి మెత్తింది. ఆవిరి చిల్లుల్లోంచి లేచి, చల్లటి గిన్నె అడుగుకు తగిలి, చుక్కలై, జారి, ముంతలో పడుతుంది. పైనీళ్ళు వేడెక్కగానే తీసేసి కొత్తవి పోయాలి. నీళ్ళు మార్చినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసింది. గీతలు తక్కువైతే ఘాటు సారా, పెరిగేకొద్దీ పలచన. "ఎన్ని నీళ్ళది?" అని అడిగితే చాలు, ఎంత బలమో చెప్పినట్టే. మెక్సికో సీసా మీద అంకెలతో ముద్రించేదాన్ని ఇక్కడ గోడ మీద గీతలతో చదువుతారు.

ఆ బట్టీ బొమ్మ నేను వేరేచోట చూశాను. 1565 నుంచి 1815 దాకా స్పెయిన్ ఓడలు మనీలాకూ మెక్సికోకూ మధ్య తిరిగాయి. వాటి మీద వెళ్ళిన ఫిలిప్పీన్స్ మనుషులు కొలీమా తీరంలో కొబ్బరి తోటలు పెట్టి, కొబ్బరికల్లును తమ పద్ధతిలో కాచారు. పైన చన్నీళ్ళ పళ్ళెం, లోపల చుక్కలు పట్టే చిన్న పాత్ర. హలిస్కో, కొలీమా కొండల్లో కిత్తనార సారా కాచడానికి ఆ బట్టీనే వాడారని చరిత్రకారులు రాశారు. ఇప్పటికీ అక్కడి మారుమూల పల్లెల్లో అలాంటివి ఉన్నాయి. రాగి బట్టీలు, స్టీలు స్తంభాలు వచ్చాక పట్నాల్లో పోయాయి. ఆసియాలో పుట్టిన పళ్ళెం బట్టీ సముద్రం దాటి టెకీలా తాతలకు పనికొచ్చింది. దాని చుట్టం గొల్లపల్లి పెరట్లో అవ్వ కూరపాదు పక్కన ఇంకా పొయ్యి మీదే ఉంది. ఇప్పపువ్వు ఆసవం చరకసంహితలోనే కనిపిస్తుంది, మధూకమంటే ఈ చెట్టే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది పండితుల తగువు, అందులో నేను తలదూర్చను.

మొదటి ముంత తీయగానే అవ్వ దోసెడు మంటలోకి చిమ్మింది. భగ్గుమని నీలంగా లేచింది. తల ఊపింది. మెక్సికో కొండల్లో పాతకాలం సారా కాచేవాళ్ళు దాన్ని గిన్నెలోకి ఎత్తునుంచి పోసి, పైన నిలిచే బుడగలను ముత్యాలంటూ లెక్కపెడతారు. ఇక్కడ నిప్పు చెబుతుంది. తర్వాత ఆ తొలిధార కొంచెం నేలకు పోసింది. పెద్ద కర్మాగారాల్లో మొదట దిగే ఘాటు భాగాన్ని తీసి పక్కన పెడతారు, ఒంటికి మంచిది కాదని. ఇక్కడ అది అవ్వ ముందు పొయ్యమన్న ఆ 'వాళ్ళకు' పోతుంది. భక్తో, ముందుజాగ్రత్తో, రెండూ కలిసిపోయాయో!

దొప్పలో ఏముంది

ఇక నా దొప్ప. మూడు గీతల సారా. ఇంకా గోరువెచ్చగా ఉంది. వెచ్చటి సారాను వెంటనే మూతి దగ్గర పెట్టుకుంటే ముక్కు మండి మిగిలిందేమీ తెలియదు. కాసేపు పట్టుకుని కూర్చున్నాను, ఆకు తడిసి పచ్చివాసన వేసేదాకా. ఒకవిధంగా ఆ దొప్పే దాని పీపా, మూడు నిమిషాల పీపా.

మొదట పొగ. కట్టెపొగ, కాస్త మట్టి. దాని వెనక పువ్వు. పచ్చిపువ్వులోని ఎలుకబోను వాసన పోయింది, నెయ్యి మిగిలింది. చిన్న గుక్క తీసుకుని మింగకుండా నాలుక మీద తిప్పాను. తియ్యగా ఉంటుందనుకున్నాను, తీపి లేదు. చక్కెర మొత్తం సారాగా మారిపోయింది, తీపి జ్ఞాపకం మాత్రం ముక్కులో ఉంది. బెల్లం కరిగించిన గిన్నెలో నీళ్ళు పోసి తాగితే ఎలా ఉంటుందో అలా. గొంతు దిగేటప్పుడు మంట పైకి రాలేదు, పక్కలకు పాకింది. చివర్లో కొద్దిగా వగరు, పచ్చి బాదంకాయ కొరికినట్టు. చిత్తూరు సీసాలో మిరియమూ గడ్డీ ముందుకొచ్చి పలకరించాయి. ఇది చుట్టం ఇంటికి వచ్చి అరుగు చివర కూర్చునే పెద్దమనిషిలా ఉంది. మాట్లాడటానికి టైము తీసుకుంటుంది.

రెండో దొప్ప ఏడు గీతలది. నీళ్ళ చప్పదనం, పులుపు. అవ్వ నా మొహం చూసి నవ్వి, "ఇది రోజూ తాగేది, అది చుట్టాలది" అంది. రోజూ తాగేదాన్ని పలచగా, పండుగదాన్ని ఘాటుగా కాచుకునే లెక్క నాకు నచ్చింది.

ఊరంతా ఇలా ముచ్చటగా తాగుతోందని చెబితే అబద్ధం. ఆ మధ్యాహ్నమే సంతదారిలో ఒకతను చింతచెట్టు వేళ్ళ మీద పడిపోయి ఉన్నాడు, భార్య గంప నెత్తిన పెట్టుకుని పక్కనే నిలబడి ఉంది. తాగుడు కూలగొట్టిన ఇళ్ళు అడవిలోనూ ఉన్నాయి. అమ్మకానికి కాచే చోట పువ్వు తగ్గించి బెల్లం పోస్తారు, నవాసాగరం వేస్తారు. అది దొప్పలో రాదు, ప్లాస్టిక్ సంచిలో వస్తుంది. ఇంట్లో కాచినది రుచి చూసినవాడికి ఆ తేడా వాసనలోనే తెలిసిపోతుంది.

పువ్వు మీద పన్ను

స్పెయిన్ రాజు 1785లో మెక్సికోలో స్థానిక సారాను నిషేధించాడు, తన దేశపు సరుకు అమ్ముడుపోవాలని. పదేళ్ళకు నిషేధం ఎత్తేశారు, 1795లో కుయెర్వో కుటుంబానికి లైసెన్సు దొరికింది. ఆ పేరు ఇప్పటికీ సీసాల మీద ఉంది. మనకు ఆ పదేళ్ళు ఇంకా అయిపోలేదు.

తెల్లదొరలకు అడవిసారా మీద రెండు కోపాలు. పన్ను రాదు, కంట్రాక్టరు సరుకు కదలదు. 1892లో బొంబాయి ప్రభుత్వం మౌరా చట్టమని చేసి థానా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు ఏరడం, దాచడం మీదే కట్టడి పెట్టింది. సారా కాదు, పువ్వు! మన రంపలో 1879 మార్చిలో తిరుగుబాటు రాజుకున్నది కల్లు మీద వేసిన చిగురుపన్నుతో. గీసిన చెట్టుకు, గీసిన చేతికి పన్ను. గోదావరి కొండల్లో మొదలైన ఆ మంట మల్కనగిరి కోయల దాకా పాకింది. 1910లో బస్తర్ భూమకాల్ తిరుగుబాటులోనూ అడవుల ఆక్రమణ, వెట్టిలతో పాటు ఇంట్లో కాచుకునే సారా మీద ఆంక్షలు ఒక కారణం. తాగనివ్వలేదని తిరగబడ్డారని కొందరు వెటకారంగా అంటుంటారు. చచ్చినవాళ్ళకు చుక్క పోయడానికి కూడా ప్రభుత్వ దుకాణంలో కొనుక్కొమ్మంటే ఎవరు ఊరుకుంటారు?

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక అడ్డు తగులుతుందని తెలుసు. సారా అన్న మాట వినగానే మనకు గుర్తొచ్చేది ఇప్పచెట్టు కాదు, 1980లలో వారుణి వాహిని పేరుతో ఊరూరికీ చేరిన ప్యాకెట్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు దుకాణం మూయించిన తర్వాత రాష్ట్రమంతా చీపుళ్ళు పట్టుకుని లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం మీద నాకు ఉన్న గౌరవం గొల్లపల్లిలో తగ్గలేదు, పెరిగింది. ఎందుకంటే దూబగుంట ఆడవాళ్ళకు ఆ సారా ఎక్కడ కాచారో, దేనితో కాచారో తెలియదు. అది వాళ్ళ ఇంటికి బయటనుంచి వచ్చి పడింది, డబ్బు బయటికి పట్టుకుపోయింది. గొల్లపల్లిలో కాచేది ఆడమనిషి, ఎంత కాచాలో ఎవరికి పోయాలో చెప్పేదీ ఆమే. చాలని ఆమె అనుకున్నాక ముంత బోర్లిస్తుంది, నా ఎదురుగానే ఇద్దరికి బోర్లించింది. కంట్రాక్టరు ఎప్పుడైనా సీసా బోర్లించాడా?

ఛత్తీస్‌గఢ్ ఆబ్కారీ చట్టం షెడ్యూల్డ్ తెగల ఇంటికి 5 లీటర్ల దాకా సొంత వాడకానికి కాచుకునే మినహాయింపు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం మత్తుపదార్థాల కట్టడిని గ్రామసభలకు, పంచాయతీలకు అప్పజెప్పింది. కాగితం మీద బాగుంది. కానీ మద్యం రాష్ట్రాల జాబితాలోది. మరాయిగూడెం గట్టు దాటితే ఆ మినహాయింపు అక్కడే ఆగిపోతుంది, దొప్పలోని మర్యాద కేసు కాగితమైపోతుంది. చుట్టరికాలు ఆ గట్టుకు రెండువైపులా ఉన్నాయి.

మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాను 'హెరిటేజ్ మద్యం' అంది. అలీరాజ్‌పూర్‌లో ఆదివాసీ స్వయంసహాయక బృందం 'మోండ్' పేరుతో సీసాలకెత్తింది, పర్యాటక శాఖ హోటళ్ళలో అమ్ముతున్నారు. కాచేవాళ్ళ చేతిలోనే లైసెన్సు పెట్టడం మంచి సంగతి. డెస్మండ్ నజరెత్ కూడా 2018లో ఇప్పసారా తెచ్చాడు. బొంబాయి బార్లలో దానికి నారింజతొక్క అలంకరించి ఇస్తున్నారు. ఇవి రుచిలో శుభ్రంగా ఉంటాయి, పొగ ఉండదు. నాకైతే ఆ పొగ లేకపోవడం లోటే. గొల్లపల్లి పేరుతో సీసా రావాలా అంటే, వస్తే ఆ అట్ట మీద 'మూడు నీళ్ళది' అని రాయాలి. వయసు రాయాల్సి వస్తే చెట్టు వయసు రాయాలి.

సంచి

బయల్దేరేటప్పుడు అవ్వ సీసా ఇస్తుందని లోపల్లోపల ఆశపడ్డాను. ఇవ్వలేదు. "దారిలో పోలీసులు పట్టుకుంటే నా పేరు చెప్తవు" అని నవ్వింది. బదులుగా రెండు శేర్ల ఎండుపువ్వు గుడ్డసంచిలో పోసి మూతి కట్టింది. డబ్బు ఇవ్వబోతే, సంతలో ఇచ్చే ధర ఎంతో లెక్కగట్టి అంతే తీసుకుంది, పైసా ఎక్కువ పుచ్చుకోలేదు.

మరాయిగూడెం దాటాక బండి ఆపారు. కుర్ర కానిస్టేబులు సంచి దగ్గరికి ముక్కు తెచ్చి, విప్పమన్నాడు. విప్పాను. ఒక పువ్వు తీసి నలిపి చూశాడు, మళ్ళీ అటూ ఇటూ చూసి నోట్లో వేసుకున్నాడు. "మా అమ్మ నువ్వులేసి దంచేది" అన్నాడు. ఏ ఊరని అడిగితే గోదావరి అవతలి ఊరి పేరొకటి చెప్పాడు. టోపీ తీసి పట్టాడు. గుప్పెడు పోశాను. ఇంకో గుప్పెడు పొయ్యమన్నట్టు టోపీ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.